బోర్డు పంపిన పిల్లవాడు గుమ్మంలో నిలబడితే

మొదటి రోజు వాడికి చెప్పులు ఎక్కడ విడవాలో తెలియదు. గుమ్మం దగ్గరే ఆగి, లోపల ఎంతమంది ఉన్నారో, వారిలో పోలీసులెవరో లెక్క వేసుకుంటూ ఉంటాడు. వెనకాల తల్లి గానీ, మేనమామ గానీ, ఒక్కోసారి బామ్మ గానీ మడతలు పడిన ఉత్తర్వు కాగితం పట్టుకుని ఉంటారు. ఆ కాగితం అందుకునే ముందు పెద్దవారికి కుర్చీ వేయండి. పిల్లవాడికి చెప్పులు విడిచే చోటు చూపించండి. అన్నం తిన్నాడో లేదో అడగండి. "ఏం చేశావురా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న వాడు అప్పటికే పదిమంది నోట విన్నాడు. పదిమందికీ పది రకాల జవాబులు చెప్పాడు. మీకు పదకొండోది చెబుతాడు.

నేను విశాఖపట్నం కంచరపాలెం ప్రాంతంలో మునిసిపల్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున, బాల న్యాయ మండలి పంపే పిల్లల కోసం సాయంకాలపు కేంద్రం నడిపాను. నేరారోపణ ఎదుర్కొనే, 18 ఏళ్లు నిండని పిల్లల కేసులు చూసేది ఆ మండలే. మేం దాన్ని బోర్డు అంటాం. మోకాళ్లు మెట్లెక్కనివ్వక ఈ ఏడాది తాళంచెవులు మరొక అమ్మాయి చేతిలో పెట్టాను. ఆ అమ్మాయికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఈ బరువు కొత్తగా ఎత్తుకున్నవారెవరైనా చదువుకోవచ్చు.

మొదటి రెండేళ్లు నేను కార్యక్రమమంటే పాఠాల పట్టిక అనుకున్నాను. సోమవారం నీతి కథలు, బుధవారం కంప్యూటర్, శుక్రవారం యోగా. రంగురంగుల చార్టు గోడ మీద ఉండేది, చాప మీద పిల్లలు ఉండేవారు కారు. అప్పుడు తెలిసింది, నా పనిలో ముప్పాతిక వంతు వాడు ఇంటి నుంచి మా గుమ్మం దాకా వచ్చే దారిని చూసుకోవడమేనని. మిగిలిన పావు వంతు ఎవరైనా చెప్పగలరు.

కాగితం

ఉత్తర్వును పిల్లవాడి ముందు చదవకండి. వారు వెళ్లాక కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదవండి. 2015 నాటి బాల న్యాయ చట్టం 18వ సెక్షన్ కింద బోర్డు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మందలించి ఇంటికి పంపవచ్చు, బృంద కౌన్సెలింగుకు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించవచ్చు, మూడేళ్లకు మించకుండా ప్రొబేషన్ మీద, అంటే సత్ప్రవర్తన షరతు మీద వదలవచ్చు, ఇలాంటి పిల్లలను ఉంచే ప్రత్యేక గృహానికీ పంపవచ్చు. వీటికి తోడు బడికి వెళ్లాలని, వృత్తి శిక్షణ తీసుకోవాలని, ఫలానా చోటికి పోరాదని, వ్యసన విముక్తి చికిత్స పొందాలని అదనంగా చెప్పవచ్చు. వాడు వీటిలో దేని కింద వచ్చాడో తెలుసుకోకుండా పని మొదలుపెడితే, సమాజ సేవకు వచ్చినవాడిని నెల రోజులు కౌన్సెలింగు కుర్చీలో కూర్చోబెట్టి, చివరికి ఒక్క గంట కూడా లెక్కకు రాలేదని తెలుసుకుంటారు.

కొందరు విచారణ నడుస్తూండగానే వస్తారు. 12వ సెక్షన్ కింద బెయిలు ఇచ్చి, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచినవారు. వారు ఏదో చేశారని అప్పటికి ఎవరూ తేల్చలేదు. 'నువ్వు చేసిన తప్పు' అనే మాట మీ కేంద్రంలో వాచ్‌మన్ నోట కూడా రాకూడదు. మా దగ్గర ఒకాయన ప్రతి పిల్లవాడికీ "ఇక ముందైనా బుద్ధిగా ఉండు" అని దీవించేవాడు. మంచి మనిషే. ఆ దీవెన మాన్పించడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఉత్తర్వులో గంటలు రాసి ఉన్నాయా చూడండి. ఒకసారి 'ఒక నెల సమాజ సేవ' అని మాత్రమే ఉంటే, ఆదివారాలేనని నాకు నేను అర్థం చెప్పుకున్నాను. నాలుగు ఆదివారాలు వాడు చక్కగా వచ్చాడు. తీరా నివేదిక ఇస్తే, నెలలో నాలుగు రోజులేనా అన్నారు. వాడు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. తప్పు నాది, శిక్ష వాడిది. అప్పటి నుంచి రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, నివేదిక ఏ తేదీకి అనే మూడూ కాగితం మీద తేలేదాకా నేను పని మొదలుపెట్టలేదు. సమాజ సేవ 14 ఏళ్లు దాటినవారికేనని 2016 నాటి నమూనా నియమాలు చెబుతున్నాయి. అంతకన్నా చిన్నవాడు వస్తే అదే రోజు బోర్డు దృష్టికి తీసుకువెళ్లండి.

ప్రొబేషన్ అధికారితో మొదటి వారంలోనే కూర్చోండి. పిల్లవాడిని బోర్డు ముందు తొలిసారి హాజరుపరచిన 15 రోజుల్లో ఆ అధికారి సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ఇల్లు, చదువు, స్నేహాలు, అలవాట్లు అన్నీ అందులో ఉంటాయి. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక వేరే ఉంటుంది. వాటిలో మీకు అవసరమైనంత మేరకు అడగండి. అంతా అడగకండి. అన్నీ తెలిసిన మనిషి చూపు మారిపోతుంది, ఆ చూపును పిల్లలు పసిగడతారు. వకీలు లేని పిల్లవాడైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. 1987 నాటి చట్టం ప్రకారం పిల్లలకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఈ సంగతి తెలియక పుస్తె తాకట్టు పెట్టిన తల్లిని చూశాను.

పేరు

చట్టంలోని 74వ సెక్షన్‌ను పెద్ద అక్షరాలతో రాసి మీ బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. పిల్లవాడి పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టగలిగే ఏ వివరమైనా పత్రికలోనో, వీడియోలోనో, మరే సమాచార మాధ్యమంలోనో బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ సమూహంలో పెట్టిన ఫోటో దీని కిందకు రాదులే అనుకునేవారితో వాదించకండి, ఫోటో తీయనివ్వకండి.

చెప్పినంత సులువు కాదు. ఒక దాత మాకు ఏడాదికి సరిపడా బియ్యం ఇస్తానన్నాడు. బదులుగా ఆర్కే బీచ్‌లో పిల్లల చేత చెత్త ఏరిస్తామని, అందరికీ ఒకే రంగు టోపీలు, వెనకాల ఒక బ్యానరు అన్నాడు. బ్యానరు మీద ఏం రాయించాడో చెబితే నమ్మరు. 'మారుతున్న బాల నేరస్థులు'! ఆ బియ్యం మాకు రాలేదు. ఆ ఏడాది పప్పు కాస్త పలుచగా ఉండేది, అంతే.

నాకు దొరికిన ఉపాయం ఒక్కటే. బోర్డు పంపిన పిల్లలను వేరుగా కూర్చోబెట్టవద్దు. వీధిలోని మామూలు పిల్లలను కూడా రానివ్వండి, ట్యూషనుకని, క్యారమ్స్‌కని, సైకిల్ రిపేరు నేర్చుకోవడానికని. ఇరవై మందిలో ఆరుగురు బోర్డు పిల్లలైతే, ఆ ఆరుగురు ఎవరో చూసేవారికి తెలియకూడదు. పోలీస్ స్టేషన్‌లోని బాలల సంక్షేమ అధికారి మాట్లాడటానికి రావలసి వస్తే మామూలు దుస్తుల్లో రమ్మనండి. యూనిఫాం లేకుండానే పిల్లలతో వ్యవహరించాలని నియమాల్లోనే ఉంది. మర్యాదగా గుర్తు చేస్తే చాలామంది ఒప్పుకుంటారు.

నా సొంత నోటుపుస్తకంలో పిల్లలకు చేపల పేర్లు పెట్టుకున్నాను. వంజరం, చందువ, పండుగప్ప, కానాగంత. పుస్తకం ఎక్కడ జారిపడినా ఎవరికీ ఏమీ అంతుపట్టదని నా తెలివి. ఒకరోజు పెద జాలరిపేట నుంచి ఒక తండ్రి వచ్చి, బల్ల మీద నేను తెరిచి పెట్టిన పేజీ చూసి, చేపల లెక్క రాస్తున్నారేమిటని అడిగాడు. సంగతి చెప్పాను. "మరి మా వాడు ఏది టీచరమ్మ గారూ?" అన్నాడు. కానాగంత అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "వంజరం ఎవరికి ఇచ్చారమ్మా?" అని మాత్రం అన్నాడు. పేరు మారుస్తానన్నాను. కొడుకే వద్దన్నాడు. "కానాగంతే ఉంచండి టీచర్. అది గుంపులోనే తిరుగుతుంది, అందుకే వలలో పడుతుంది" అని నవ్వాడు. పుస్తకం తెరిచి పెట్టడం మాత్రం ఆ రోజుతో మానేశాను.

దారి, వేళ

ఆ కానాగంతకు బోర్డు పెట్టిన షరతుల్లో ఒకటి, జగదాంబ కూడలి పరిసరాలకు పోరాదని. పాత స్నేహితులు అక్కడే చేరతారు. షరతు సబబే. కానీ జాలరిపేట నుంచి మా కేంద్రానికి వాడు పట్టుకునే బస్సు మారాల్సింది సరిగ్గా అక్కడే. మూడు రోజులు రాలేదు. నాకు కోపం వచ్చింది. గైర్హాజరు రాసి నివేదిక కూడా సిద్ధం చేశాను. నాలుగో రోజు ఎందుకో మనసొప్పక ఇంటికి వెళితే, షరతును తప్పకుండా పాటిస్తున్నందుకే రాలేకపోతున్నాడని తెలిసింది. మా దగ్గర పనిచేసే కుర్రాడు రెండు వారాలు వాడిని పెదవాల్తేరు, మద్దిలపాలెం మీదుగా తీసుకువచ్చాడు. దూరం ఎక్కువ, ఛార్జీ ఎక్కువ. ఆ ఛార్జీ మేమే ఇచ్చాం. దాతలకు చూపించే ఖర్చుల పట్టికలో బస్సు ఛార్జీలను చూసి ముఖం చిట్లించేవారు ఉంటారు. చిట్లించనివ్వండి.

కాబట్టి చేరిన మొదటి వారంలోనే ఒకసారి పిల్లవాడి ఇంటి నుంచి మీ కేంద్రానికి మీరే బస్సులో రండి. ఎక్కడ మారాలి, అక్కడ ఎంతసేపు నిలబడాలి, ఎదురుగా ఏ దుకాణం ఉంది, సాయంత్రం ఏడున్నరకు ఆ చోటు ఎలా ఉంటుంది, ఇవన్నీ చూడండి.

వేళ విషయం ఇంకా చిక్కు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల గంపలు మోసే పిల్లవాడిని సాయంత్రం ఆరింటికి రమ్మంటే వస్తాడు, గోడకు ఆనుకుని నిద్రపోతాడు. వాడికి మధ్యాహ్నం రెండు గంటలు సరైన వేళ. మార్కెట్లో తల్లి కూరల బండి దగ్గర కూర్చునేవాడికి మధ్యాహ్నం కుదరదు, రాత్రి బండి కట్టేశాకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో జాలరి తండ్రులు ఇంటిపట్టున ఉంటారు. ఏడాది మొత్తంలో తండ్రితో కూర్చుని మాట్లాడగలిగేది అప్పుడే. ఆ సమావేశాలన్నీ ఆ రెండు నెలల్లో పెట్టుకోండి. అయితే అవి ఇంట్లో డబ్బు ఆడని రోజులు కూడా. పిల్లవాడు ఏ కూలికో పోతాడు. 14 ఏళ్లలోపు వారిని పనికి పెట్టుకోవడం, 18 లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం చట్టవిరుద్ధమని ఇంటివారికి మెత్తగా చెప్పండి. చెప్పి ఊరుకోక, ఆ రెండు నెలలు వాడికి మీ దగ్గర రెండు పూటలా భోజనం ఉండేలా చూడండి.

ఏ పని ఇవ్వాలి

పార్కు నిర్వహణ, వృద్ధులకు సేవ, ఆసుపత్రిలో సహాయం, దివ్యాంగ బాలలకు తోడుండటం, ట్రాఫిక్ వాలంటీరుగా నిలబడటం, ఇవీ నియమాల్లో సమాజ సేవకు ఇచ్చిన ఉదాహరణలు. ట్రాఫిక్ పని నేను ఎవరికీ ఇవ్వలేదు. ఎన్ఏడీ కూడలిలో ఈల పట్టుకుని నిలబడితే ఊరంతా చూస్తుంది. వాడి బడి పిల్లలు బస్సు కిటికీలో నుంచి చూస్తారు. పార్కు ఫరవాలేదు. వృద్ధాశ్రమం అన్నిటికన్నా బాగా కుదిరింది. అక్కడి నిర్వాహకుల్లో ఒక్కరికి మాత్రమే విషయం తెలియాలి. తాతయ్యలకు తెలియనక్కర్లేదు. చందువ అని నేను రాసుకున్న కుర్రాడు ఒక ముసలాయనకు రోజూ పేపరు చదివి వినిపించేవాడు. వాడికి చదవడం సరిగా రాదు. తప్పు చదివినప్పుడల్లా ఆయన తిట్టేవాడు. మూడు నెలల్లో వాడికి చదువు వచ్చింది. నేను ముప్పై ఏళ్లు బడిలో చేసిన పని ఆయన మంచం మీద పడుకుని చేశాడు.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ వస్తుంది. 32 కిలోమీటర్లు నడిచే లక్షల మందికి మంచినీళ్లు, మజ్జిగ అందించడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. అంత జనంలో వారెవరో ఎవరికీ పట్టదు. పైగా వాళ్లకు ఎదురైనవారందరూ దండం పెడుతూ పోతారు. ఆ అనుభవం వారికి కొత్త. మొదటి ఏడాది మాత్రం నేను పోలీసు సహాయ కేంద్రం పక్కనే పందిరి వేయించాను. పది నిమిషాల్లో ఇద్దరు మాయమయ్యారు. పందిరి ఎక్కడ వేయాలో పిల్లలనే అడగండి.

మరుగుదొడ్లు కడిగించడం, గుంజీలు, చేసిన దాని గురించి వ్యాసం రాయించడం, ఇవేవీ పెట్టకండి. 2024లో పుణెలో జరిగిన కారు ప్రమాదం కేసులో 300 పదాల వ్యాసం రాయమన్న షరతు మీద దేశమంతా మండిపడింది. ఆ కేసు సంగతి పెద్దలు చూసుకుంటారు గానీ, వ్యాసం రాయడం వల్ల ఏ పిల్లవాడూ మారడని లెక్కల టీచరుగా కూడా చెప్పగలను.

చదువు ఆపేసినవారిని ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతికి కట్టించండి. 14 ఏళ్లు నిండితే చాలు. పది పాసయితే కంచరపాలెం ఐటీఐ దగ్గరే ఉంది. మామూలు బడిలో చేర్చబోతే, ఒక ప్రధానోపాధ్యాయుడు కేసు వివరాలు రాసిస్తేనే సీటు ఇస్తానన్నాడు. నేనూ ఆ వృత్తిలోని మనిషినే కాబట్టి సిగ్గుపడ్డాను. ఆయన ముందు 24వ సెక్షన్ పెట్టాను. ఈ చట్టం కింద వ్యవహారం ముగిసిన పిల్లవాడికి దానివల్ల ఏ అనర్హతా అంటదు. పెద్దవారిలా విచారించాలని తేలిన, 16 దాటిన వారికి మాత్రమే ఇది వేరు. చదివి, నిట్టూర్చి, సంతకం పెట్టాడు.

గంజాయి

మన్యం నుంచి దిగే సరుకు ఈ ఊరి మీదుగా పోతుంది కాబట్టి, మీ దగ్గరకు వచ్చే పిల్లల్లో సంచి మోసినవారు ఉంటారు. తూకం ఎంతో తెలుసుకోండి, ఎందుకంటే చట్టం తూకంతోనే మాట్లాడుతుంది. గంజాయి ఒక కిలో లోపు స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్లకు తగ్గదు. అది ఘోర నేరాల కోవలోకి పోతుంది. 16 దాటినవాడైతే పెద్దవారిలా విచారించాలా వద్దా అని 15వ సెక్షన్ కింద బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. తూకం కిలోకూ 20 కిలోలకూ మధ్య ఉంటే తీవ్ర నేరమే తప్ప ఘోర నేరం కాదు. మూడు వందల రూపాయలకు సంచి మోసినవాడికి ఈ తేడా ఎవరూ చెప్పరు. సంచి ఇచ్చినవాడికి బాగా తెలుసు.

సంచి పట్టుబడితే ఆ సరుకు విలువ పిల్లవాడి మీద అప్పుగా రాసే ముఠాలు ఉన్నాయి. హఠాత్తుగా కొత్త ఫోను కనిపించినా, ఉన్న ఫోను మాయమైనా, గేటు బయట ఎవరో బండి మీద ఎదురుచూస్తున్నా, మీరే బయటికి వెళ్లి నిలదీయకండి. నేను ఒకసారి వెళ్లాను, గొడుగు పట్టుకుని. ఆ సాయంత్రం తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, వణుకూ వస్తుంది. ప్రొబేషన్ అధికారికి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చెప్పండి. రాత్రివేళయితే పిల్లల సహాయానికి ఫోను నంబరు 1098 ఉంది. తాగే అలవాటు ఉన్నవాడిని మీరు మాన్పించబోకండి. అది వైద్యుల పని. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు మొదటిసారి మీరే తోడు వెళ్లండి. గేటు మీద ఆ ఆసుపత్రి పేరు చూడగానే తల్లులు వెనక్కి తిరుగుతారు.

రిజిస్టరు

హాజరు పట్టికలో 'రాలేదు' పక్కన మరో గడి గీయండి, 'ఎందుకు' అని. ఒక రోజు రాకపోతే ఆ సాయంత్రమే ఫోను. రెండో రోజు ఇంటికి మనిషి. మూడో రోజు ప్రొబేషన్ అధికారికి మాట. ఈ వరస తప్పితే, పిల్లవాడు ఊళ్లో లేడన్న సంగతి నెలాఖరున తెలుస్తుంది. బోర్డు వాయిదా ముందు రోజు సాయంత్రం తల్లికి గుర్తు చేయండి. ఒక పూట కూలి పోతుందని వెనకాడే ఇల్లయితే ఆ సంగతి ముందే తెలుసుకుని ఉండండి.

నివేదికలో 'సత్ప్రవర్తన కనబరిచాడు' అని రాయకండి. అలా రాసిన నివేదికలు బోర్డు బల్ల మీద కట్టలు కట్టలుగా ఉంటాయి. '26 రోజుల్లో 23 రోజులు వచ్చాడు. రాని మూడు రోజులు తమ్ముడికి జ్వరం. సైకిల్ ట్యూబుకు అతుకు వేయడం నేర్చుకున్నాడు. ఒకసారి మరో పిల్లవాడిని కొట్టాడు, మరునాడు తనంతట తనే వచ్చి చెప్పాడు' అని రాయండి. కొట్టిన సంగతి దాచకండి. దాచితే మిగతా మాటలకు విలువ పోతుంది.

ఆడపిల్లలు మా దగ్గరకు తొమ్మిదేళ్లలో నలుగురే వచ్చారు. వారికి వేరే వేళ, వేరే గది, ఆడమనిషి తోడు, ఇవి లేకుండా ఒప్పుకోకండి.

ఉత్తర్వు గడువు ముగిసిన రోజు సభ పెట్టి శాలువా కప్పకండి. ఆ రోజు కూడా మామూలుగానే అన్నం పెట్టి పంపండి. అప్పీలు గడువు దాటాక కేసు కాగితాలను నాశనం చేయాలని బోర్డు ఆదేశిస్తుంది. మీ దగ్గరున్న నకళ్లను ఏం చేయాలో అప్పుడే అడిగి రాయించుకోండి. నా నోటుపుస్తకంలోని చేపల పేజీలను నేను ఏటా భోగిమంటలో వేసేదాన్ని.

కానాగంత ఇప్పుడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్నాడు. శనివారం సాయంత్రాలు కేంద్రానికి వచ్చి చిన్న పిల్లల సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఫోను చేసి, ఆ అబ్బాయిని ఏ పట్టికలో రాయాలని అడిగింది. ఎక్కడా రాయవద్దని చెప్పాను. టీ మాత్రం రెండు గ్లాసులు ఇవ్వమన్నాను, వాడికి ఒకటి చాలదు.